మంచం నుంచి చాట దాకా

పక్షవాతం వచ్చిన మనిషిని దవాఖాన నుంచి ఇంటికి తెచ్చే రోజు షోలాపూర్ దగ్గర కుంభారి ఘర్‌కుల్‌లో అందరికంటే ముందు కదిలేది మంచం. లోపలి గదిలోంచి ముందు గదిలోకి వస్తుంది, కిటికీ పక్కకు జరుగుతుంది, దాని మీద కొత్త చద్దరు పడుతుంది. చూడవచ్చేవాళ్ల కోసం పక్కింటి నుంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు వస్తాయి. ఇక ఆ మనిషికి నీళ్లు అక్కడికే, అన్నం అక్కడికే, ఆఖరికి మొహం కడగడం కూడా అక్కడే. కొంచెం లేవబోతే చాలు, "బాపూ, నువ్వు లేవకు, నేను తెచ్చిస్త గద" అని కూతురు పరుగెత్తుకొస్తుంది. ఆ పరుగులో ప్రేమకు లోటేమీ లేదు. ఈ అధ్యాయమంతా ఆ ప్రేమతోనే నా తగవు.

మంచం మనిషిని ఎంత తొందరగా తినేస్తుందో లెక్క ఉంది. 2007లో అమెరికాలో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన పెద్దవయసు వాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూశారు. ఏ జబ్బూ లేకపోయినా కాళ్లలోని కండ దాదాపు కిలో తగ్గింది. ఇక జబ్బుపడి, సరిగా తినక, రాత్రంతా లైట్లు వెలిగే వార్డులో నిద్రకు మొహం వాచి వచ్చిన మనిషి సంగతి చెప్పాలా? హార్లన్ క్రుమ్‌హోల్జ్ అనే గుండె వైద్యుడు 2013లో దీనికి ఒక జబ్బు హోదానే ఇచ్చాడు. అమెరికాలో దవాఖాన నుంచి ఇంటికెళ్లిన వృద్ధుల్లో దాదాపు ఐదుగురిలో ఒకరు నెల తిరక్కుండా మళ్లీ చేరుతున్నారనీ, చాలామంది మొదట చేరిన జబ్బుతో కాక ఇంకో దానితో వస్తున్నారనీ ఆయన గమనించాడు. కాలు జారిపడి ఒకరు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి ఒకరు, మందులు తారుమారై ఒకరు. కాబట్టి డిశ్చార్జి తర్వాతి మొదటి నెల విశ్రాంతి నెల అనుకోకండి. చేయాల్సిన పని ఎక్కువగా ఉండే నెల అదే.

కుంభారి వాళ్లకు ఇది ఎందుకు మరీ ముఖ్యం? అక్కల్‌కోట్ రోడ్డు మీద ఉన్న ఈ ఊళ్లో గోదూతాయి పరుళేకర్ పేరిట బీడీ చుట్టే ఆడవాళ్లకు పది వేల ఇళ్లు వచ్చాయి. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా తాళాలు అందాయి. అంతకు ముందు వాళ్లలో చాలామంది షోలాపూర్ తూర్పు భాగంలో, సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య, ఇరుకు అద్దె గదుల్లో బతికినవాళ్లే. ఆ ఇళ్ల కోసం పోరాటాన్ని నడిపిన నరసయ్య ఆడం, అందరి నోటా ఆడం మాస్తర్, తర్వాత ఇంకో కాలనీ అయిన రే నగర్‌కూ పట్టుబట్టారు. అక్కడి మొదటి విడత 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ అప్పగించారు. ఇల్లు సొంతమైంది, సంతోషం. కానీ ఏ ఇంటినీ కర్ర పట్టుకుని నడిచే మనిషి కోసం కట్టరు. పైగా ఇక్కడి ఇళ్లలో భార్య బీడీలు చుడుతుంది, భర్త కార్ఖానాకు పోతాడు. ఒకరు మంచాన పడితే ఇద్దరి కూలీ పోతుంది, ఎందుకంటే చూసుకునే మనిషి బీడీలు చుట్టే చాట ముందు కూర్చోలేదు. ఇక్కడ కోలుకోవడం ఎంత ఒంటికి సంబంధించిందో, ఇంటి లెక్కకూ అంతే సంబంధించింది.

యాభై ఐదేళ్ల సాంచా కార్మికుడు, కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయి, పది రోజుల తర్వాత ఇంటికి వచ్చాడనుకుందాం. తుంటి ఎముక విరిగినవాళ్లకూ, పెద్ద ఆపరేషన్ అయినవాళ్లకూ కింద చెప్పేవాటిలో చాలా భాగం పనికొస్తుంది. అయితే ఏ కాలు మీద ఎంత బరువు మోపాలో వాళ్లు తమ డాక్టరును అడిగి తీరాలి.

ముందు డిశ్చార్జి కాగితం సంగతి. అది ఇంగ్లీషులో ఉంటుంది, వివరించిన డాక్టరు మరాఠీలో చెప్పి ఉంటాడు, విన్న మీరు తెలుగులో ఆలోచిస్తారు. మూడు భాషల మధ్య ఏదో ఒకటి జారిపోతుంది. అందుకే దవాఖాన గడప దాటకముందే నర్సు దగ్గరో డాక్టరు దగ్గరో నిలబడి, "నేను చెప్తాను, తప్పయితే దిద్దండి" అని ప్రతి మాత్రనూ మీ నోటితో అప్పజెప్పండి. ఇది దేనికి, ఎప్పుడు, ఎన్నాళ్లు అన్నది చెప్పగలగాలి. ఇంతకుముందు వాడుతున్న బీపీ మాత్రలు, షుగరు మాత్రలు కొనసాగించాలా, ఆపాలా అన్నది విడిగా అడగండి. రెండు పేర్లతో ఒకే మందు రెండు పూటలా మింగేవాళ్లు ఎక్కువ మందే ఉంటారు.

మందుల విషయంలో ఇంకో ఉచ్చు ఉంది. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో దవాఖాన ఖర్చు భరించే ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. అదే దారిలో మహారాష్ట్రలో 2012లో వచ్చిన పథకం మొదటి ఎనిమిది జిల్లాల్లో షోలాపూర్ ఒకటి. ఇప్పుడు దాన్ని మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన అంటున్నారు. ఈ పథకాలన్నీ ప్రధానంగా దవాఖానలో ఉన్న రోజుల కోసం రూపుదిద్దుకున్నవి. వెంట ఇచ్చిన మాత్రలు కొద్ది రోజుల్లో అయిపోతాయి. పట్టీ ఖాళీ అయితే కోర్సు పూర్తయిందనుకుంటారు జనం. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, బీపీ మాత్ర జ్వరం మందుల్లాంటివి కావు, చాలామందికి జీవితాంతం ఉండేవి. పట్టీలో నాలుగు మాత్రలు మిగిలినప్పుడే మళ్లీ తెచ్చుకోవాలి. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు ఉన్న ఇంటివాళ్లు కేంద్ర కార్మిక శాఖ నడిపే బీడీ దవాఖానాలోనూ, లేకపోతే సివిల్ దవాఖానాలోనూ అడిగితే, నెల నెలా మందుల షాపుకు పోసే డబ్బులో కొంతైనా మిగులుతుంది.

పసరు గురించి కూడా ఇక్కడే ఒక మాట. వంటికి నూనె రాస్తామంటే నాకేమీ అభ్యంతరం లేదు, పక్కన కూర్చొని కాళ్లు చేతులు పట్టే మనిషి ఉండడం ఎంతో మేలు. కానీ పసరు ఇచ్చే మనిషి "ఇంగ్లీషు మందులు బంద్ చెయ్యండి" అన్న క్షణం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ఇప్పుడు మంచం దించే పని. నులక మంచం అయితే నడుము దగ్గర దిగబడుతుంది, లేవడం కష్టం. పైన చెక్క వేయండి. మనిషి అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు ఆనాలి, మోకాళ్లు తుంటికి సమానంగానో కొంచెం కిందుగానో ఉండాలి. ఎత్తు చాలకపోతే కోళ్ల కింద ఇటుకలు పెట్టండి, అవి కదలకుండా చూసుకోండి. లేచే పద్ధతి ఇది: పాదాలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి లాక్కోవాలి, ముక్కు కాలి బొటనవేళ్ల మీదికి వచ్చేంతగా ముందుకు వంగాలి, అప్పుడు లేవాలి. సాయం చేసేవాళ్లు బలహీనమైన పక్క నిలబడి నడుము దగ్గర పట్టుకోవాలి. నడుముకు గట్టి బెల్టు ఉంటే పట్టు బాగా దొరుకుతుంది. పడిపోయిన చెయ్యి పట్టి గుంజడం, చంకలో చెయ్యేసి లేపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ భుజం కీలును పట్టి ఉంచే కండలు అప్పటికే సడలిపోయి ఉంటాయి. మనం ప్రేమతో గుంజిన గుంజుడుకు నెలల తరబడి తగ్గని భుజం నొప్పి మొదలవుతుంది, ఆ నొప్పితో వ్యాయామమే ఆగిపోతుంది.

పగటిపూట మెలకువలో ఉన్న ప్రతి గంటకూ ఒకసారి, ఐదుసార్లు లేచి నిలబడి మళ్లీ కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. ఆయాసం రాకపోతే, తల తిరగకపోతే మెల్లగా పెంచండి. ఒకేసారి ఎక్కువసేపు చేయించి, సాయంత్రానికి అలిసిపోయేట్టు చేయడం వద్దు. 2015లో ఐదు దేశాల్లో 2,104 మంది మీద జరిగిన అవర్ట్ అనే పరిశోధన ఊహకు అడ్డంగా తేలింది: పక్షవాతం వచ్చిన ఇరవైనాలుగు గంటల్లోపే మంచం దింపి ఎక్కువ సేపు కదిలించినవాళ్లు కొంచెం వెనకబడ్డారు. తర్వాత అదే లెక్కలను తరచి చూస్తే, తక్కువ సేపు, ఎక్కువసార్లు కదిలినవాళ్లు మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది. ఆ పరిశోధన జబ్బు వచ్చిన తొలి రోజుల గురించే అయినా, కొంచెం కొంచెంగా, మళ్లీ మళ్లీ చేయించాలన్నది ఇంటికి వచ్చాక కూడా పాటించదగ్గ సూత్రమే.

ఇల్లంతా ఒకసారి ఆ మనిషి కళ్లతో చూడండి. స్నానాల గదిలో తడి నేల, అడుగు ఎత్తున్న గడప, గొంతుకూర్చునే దొడ్డి: మూడూ పడిపోయే చోట్లే. గడప దగ్గర గోడకు పట్టుకోవడానికి ఇనుప కడ్డీ వేయించాలి. వీపు ఆనే కుర్చీలో కూర్చొని స్నానం చేయాలి. మధ్యలో రంధ్రం ఉన్న ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ వైద్య పరికరాలు అమ్మే షాపుల్లో దొరుకుతుంది, దొడ్డి మీదే పెట్టుకోవచ్చు. మేడ మీద ఇల్లున్నవాళ్లకు మెట్లు రోజూ ఒక యుద్ధమే. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు బలం తగ్గిన కాలు ముందు. కింది అంతస్తులో ఉన్న బంధువుల ఇంట్లో మొదటి నెల ఉండగలిగితే మొహమాటపడకండి.

తిండి విషయంలో ఒకే ఒక్క హెచ్చరిక, దాన్ని మాత్రం మరవద్దు. పడుకోబెట్టి నోట్లో నీళ్లు పోయకండి. పక్షవాతంలో మింగే కండలు కూడా దెబ్బతినొచ్చు. మింగుతుంటే దగ్గు రావడం, తర్వాత గొంతు గరగరలాడడం, అన్నం బుగ్గలో నిలిచిపోవడం గుర్తులు. నీళ్లకంటే కొంచెం చిక్కటి జావ చాలామందికి మేలుగా మింగుడు పడుతుంది. ఈ గుర్తులు కనిపిస్తే ఏమివ్వాలో, ఎంత చిక్కగా ఇవ్వాలో డాక్టరు చూసి చెప్పాలి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒకటి మింగాకే రెండోది.

ఇక చేతి విషయం. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, షోలాపూర్ వాళ్ల దగ్గర దీనికి దొరికినంత సరంజామా పెద్ద పట్నాల్లో కూడా దొరకదు. పడిపోయిన చెయ్యి తిరిగి రావాలంటే అది పని చేయాలి, లెక్కలేనన్నిసార్లు చేయాలి. మెదడులో దెబ్బతిన్న దారి పక్కన కొత్త దారి అలా చేసిన కొద్దీ పడుతుంది. రబ్బరు బంతి నొక్కమంటే నాలుగు రోజులు నొక్కి విసుగొస్తుంది, ఎవరికైనా వస్తుంది. అదే మనిషి ముందు ఒక డజను టెర్రీ టవళ్లు పెట్టి మడత పెట్టమనండి. బాగున్న చేయి ఒక అంచు పట్టుకుంటుంది, రానిచేయి రెండో అంచును నొక్కి పెడుతుంది. తర్వాత సవరిస్తుంది, తర్వాత తానే మడుస్తుంది. కళ్లు, భుజం, మోచేయి, వేళ్లు అన్నీ కలిసి పనిచేస్తాయి. లెక్క తప్పిందా అని చూసుకోవడంలో బుర్ర కూడా కదులుతుంది. ముప్పై ఏళ్లు సాంచా నడిపిన మనిషికి అంచు సరిగా కలవలేదంటే ఊరుకోబుద్ధి కాదు, ఏ వ్యాయామశాలా ఇవ్వలేని పట్టుదల అది.

బీడీ చాట ముందు కూర్చునే ఆడమనిషికి పక్షవాతం వస్తే కూడా ఇదే పద్ధతి. తునికాకుల కట్ట విప్పడం, ఆకులు పరచడం, చినిగినవి ఏరి వేరు పెట్టడం మొదటి నెలల్లో బాగా సరిపోతాయి. కత్తెర తర్వాత. తంబాకు మాత్రం ఆమె ముందు పెట్టకండి. తంబాకులోని నికోటిన్ తడి చేతుల ద్వారా కూడా ఒంట్లోకి చేరుతుంది, దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్షవాతం వచ్చిన మనిషి బీడీ కాల్చడం, తంబాకు పొడి మిశ్రీతో పళ్లు తోమడం రెండూ ఇవాళే మానాలి. ఇంట్లో చాట ఉన్నచోట ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. కనీసం రోగి పడుకునే గదిలో చుట్టే పని లేకుండా చూడండి.

బాగున్న చేతికి తొడుగు వేసి, రానిచేతితోనే పనులు చేయించే పద్ధతి కూడా ఒకటుంది. 2006లో అమెరికాలో 222 మందితో చేసిన ఎక్సైట్ అనే పరిశోధన, రెండు వారాలు అలా పట్టుగా చేయిస్తే వచ్చిన మెరుగు ఏడాది తర్వాత కూడా నిలిచిందని చూపించింది. అయితే అది మణికట్టు, వేళ్లు కొంచెమైనా పైకి లేపగలిగినవాళ్లకే. పూర్తిగా జారిపోయిన చేతికి పెడితే మనిషికి కోపం తప్ప ఇంకేమీ రాదు. ఫిజియోథెరపిస్టు చూసి సరే అన్నాకే మొదలుపెట్టాలి.

మాట పోయినవాళ్ల దగ్గర ఇంట్లోవాళ్లు ఒక పొరపాటు చేస్తారు: వాళ్లకు వినపడనట్టు గట్టిగా అరుస్తారు, లేదా వాళ్లు లేనట్టే పక్కవాళ్లతో మాట్లాడతారు. మాట రాకపోయినా అర్థం కావచ్చు. చిన్న మాటల్లో, ఒక్కొక్కటిగా, జవాబుకు పది లెక్కపెట్టేంత సమయం ఇచ్చి మాట్లాడండి. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, కార్ఖానాలో హిందీ మాట్లాడిన మనిషికి తిరిగి వచ్చేటప్పుడు మూడూ ఒకేలా రాకపోవచ్చు. ఏది ముందు వస్తే దాన్ని పట్టుకోండి, "తెలుగు మరిచిపోయినవా బాపూ" అని ఎగతాళి చేయకండి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగుల లెక్కలు తీసి 2016లో ప్రకటించింది. ఒకటికంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో సుమారు 40 శాతం మందికి జ్ఞాపకం, ఆలోచన చెక్కుచెదరలేదు, ఒకే భాష తెలిసినవాళ్లలో ఆ లెక్క సుమారు 20 శాతమే. మాట పోవడం మాత్రం ఇద్దరిలోనూ దాదాపు ఒకటే. షోలాపూర్ తెలుగువాళ్లకు ఇది కొంచెం ధైర్యం చెప్పే కబురే.

ఇంతవరకూ చదివి "అయితే ఇంట్లో మేమే అంతా చేసుకుంటాం, ఫిజియోథెరపీకి డబ్బెందుకు" అనిపిస్తే, ఆ ఆలోచనను మన దేశంలోనే పరీక్షించి చూశారని తెలుసుకోండి. అటెండ్ అనే పేరుతో 14 దవాఖానాల్లో 1,250 మందిని తీసుకుని, సగం మంది ఇళ్లవాళ్లకు వ్యాయామాలు ఎలా చేయించాలో నేర్పి పంపారు. మిగతా సగానికి మామూలుగా ఇచ్చే వైద్యమే. ఆరు నెలల తర్వాత చూస్తే రెండు వైపులా చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడినవాళ్లు కలిపి 47 శాతమే. 2017లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితం వచ్చినప్పుడు చాలామంది నిరుత్సాహపడ్డారు. నాకు అర్థమైంది ఇది: ఇంటివాళ్లకు మొదట్లో నేర్పి వదిలేస్తే చాలదు. వారం వారం చెయ్యి మారుతుంది, నడక మారుతుంది, దానితో పాటు చేయించేదీ మారాలి, ఆ మార్పు చెప్పడానికి నేర్చుకున్న కన్ను ఒకటి ఉండాలి. కుంభారిలోనే అశ్వినీ గ్రామీణ వైద్య కళాశాల దవాఖాన ఉంది, షోలాపూర్ పట్నంలో సివిల్ దవాఖాన ఉంది. వారానికి ఒక్కసారైనా ఫిజియోథెరపీ విభాగానికి తీసుకెళ్లి, "పోయిన వారం ఇవి చేశాం, ఇవి వచ్చాయి, ఇవి రాలేదు, ఈ వారం ఏం చేయాలి?" అని అడగండి. ఈ ప్రశ్న అడిగే ఇంటివాళ్లకూ, చెప్పింది విని వచ్చేసేవాళ్లకూ చాలా తేడా ఉంటుంది.

అందుకు రాత ఉండాలి. 1965లో ఫ్లోరెన్స్ మహొనీ, డొరోథియా బార్తెల్ తయారుచేసిన ఒక కొలత ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు: తినడం, స్నానం, తయారవడం, బట్టలు, మలం, మూత్రం, దొడ్డికి పోవడం, మంచం నుంచి కుర్చీకి మారడం, నడక, మెట్లు. ఈ పదింటిలో ప్రతిదానికీ సొంతంగానా, సాయంతోనా, అసలు రాదా అని చూసి మార్కులు వేస్తారు, మొత్తం వంద. మీకు మార్కులు అక్కర్లేదు. గోడకున్న కాలనిర్ణయ్ క్యాలెండర్‌లో ప్రతి ఆదివారం గడిలో ఆ వారం సొంతంగా చేసిన కొత్త పని ఒకటి రాయండి. "గుండీ పెట్టుకున్నడు" అన్నా చాలు. రెండు వారాలు గడి ఖాళీగా ఉందంటే ఏదో ఆగిందన్న మాట. నొప్పా, భయమా, దిగులా కనుక్కోండి.

దిగులు అన్నాను కదా. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు మూడోవంతు మందికి అది వస్తుంది, ఇంటివాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు. చూసుకునే భార్యకో కోడలికో కూడా వస్తుంది, ఆమెను ఎవరూ అడగరు. మూడు గంటలు ఆమె నిశ్చింతగా చాట ముందు కూర్చునేట్టు వదినో ఆడబిడ్డో పక్కింటి అక్కో రోజూ ఒక సమయం ఒప్పుకోవాలి. చూడవచ్చే చుట్టాలు పండ్లు తేవడం మానేసి ఆ మూడు గంటల్లో ఒక గంట ఇస్తే ఆ ఇంటికి ఎంత ఆసరా! ఎవరికి మనసు బాగోకపోయినా 14416 టెలిమానస్ నంబరుకు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు. ఇంకో నంబరు 108. మొహం ఒక పక్కకు వంగినా, చెయ్యి మళ్లీ జారినా, మాట తడబడినా వెంటనే దానికి చెయ్యాలి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు, స్కాన్ ఉన్న దవాఖానకే పోవాలి.

కార్ఖానాకు ఎప్పుడు? యజమాని సేట్ అడిగేదీ, జబ్బుపడిన మనిషి అడిగేదీ అదే. సాంచాల మధ్య షిఫ్టంతా నిలబడి తిరిగే పనికి తొందరపడకండి. మూర్ఛ వచ్చి ఉన్నా, ఒక పక్క చూపు తగ్గి ఉన్నా డాక్టరు ఒప్పుకునే దాకా నడుస్తున్న మిషను పక్కన నిలబడకూడదు. అంతమాత్రాన పనికి దారి మూసుకుపోయినట్టు కాదు. వేలూరు సీఎంసీలో మేరీ వర్గీస్ అనే డాక్టరుకు 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. ఆమె వైద్యం మానలేదు, చక్రాల కుర్చీలో కూర్చొని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ దగ్గర పునరావాస వైద్యం చదివి వచ్చి, 1966లో వేలూరులో దానికోసమే ఒక సంస్థ తెరిచింది. నిలబడి చేసే పని పోయాక కూర్చొని చేసే పని వెతుక్కోవడమే ఆమె చేసిన మొదటి పని. కార్ఖానాలోనూ అలాంటివి ఉన్నాయి: నూలు కాండీలు చుట్టడం, చద్దర్లు చూసి తప్పులు పట్టడం, టవళ్లు మడవడం, డజన్లు కట్టడం. సేట్‌తో మాట్లాడేటప్పుడు "ఏదైనా పని ఇవ్వండి" అనకుండా, ఇంట్లో గంటకు ఎన్ని టవళ్లు మడుస్తున్నాడో లెక్క చెప్పండి, మొదట సగం పూటకు అడగండి.

ఆరు నెలలు గడిచాక కూడా లోపం మిగిలిపోతే సివిల్ దవాఖానాలో వికలాంగ ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు కోసం దరఖాస్తు పెట్టండి. నలభై శాతం, అంతకు మించి ఉంటే చాలా పథకాలకు దారి తెరుచుకుంటుంది. సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ యోజన పెన్షన్‌కు తహసీలు కార్యాలయంలో అడగాలి, ఆదాయం సర్టిఫికెట్ వెంట ఉండాలి. కాగితాలన్నిటి జిరాక్సులు, మొదటి డిశ్చార్జి కాగితం, స్కాన్ ఫిల్ములు ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా తెలిసేట్టు చూడండి.